ఆగస్టు 15కి ఏ సినిమా వేద్దాం

ఓక్పో, గోజే దీవి,
దక్షిణ కొరియా

అన్నయ్యకి,

ఉభయకుశలోపరి. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని వదిన ఫోన్లో చెప్పింది, మనసు కుదుటపడింది. డబ్బు పదో తేదీలోపే పంపుతాను.

ఆగస్టు 15 రాత్రి మన వీధిలో తెర కట్టి పిల్లలకి దేశభక్తి సినిమా వేస్తామని, ఏది బాగుంటుందో చెప్పమని అడిగావు. కుర్రాళ్లంతా యుద్ధం సినిమాయే కావాలంటున్నారని కూడా అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మా షిప్‌యార్డు ఉన్న ఈ ఓక్పో రేవులోనే 1592లో యీ సున్‌సిన్ అనే నౌకాసేనాని జపాను ఓడల మీద మొదటిసారి గెలిచాడు. మనకి అల్లూరి ఎలాగో వీళ్లకి ఆయన అలాగ. ఇక్కడి 100 వాన్ల నాణెం మీద ఆయన బొమ్మే ఉంటుంది. సొంత రాజే అనుమానించి, జైల్లో పెట్టించి, చిత్రహింసలు పెట్టించి, మామూలు సిపాయిగా దించేశాడు. తీరా నౌకాదళమంతా మునిగాక మళ్లీ ఆయన్నే పిలిచాడు. 1597లో పన్నెండు పదమూడు ఓడలతో, నూట ముప్పైకి పైగా వచ్చిన జపాను ఓడల్ని ఒక ఇరుకు జలసంధిలో ఆపాడు. ఆ కథని 2014లో సినిమా తీస్తే 1 కోటి 76 లక్షల టిక్కెట్లు తెగాయి. ఈ దేశం జనాభాయే 5 కోట్ల చిల్లర!

మా పనిలో పెద్ద ఒకాయన ఉన్నాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయనే నన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టి ఆ సినిమా చూపించాడు. చివర్లో సేనాని ఓడ సుడిగుండంలో చిక్కుకుంటుంది. అప్పుడు ఊరి జనం చిన్న చిన్న పడవలు వేసుకొచ్చి, కొక్కేలు తగిలించి, ఆ పెద్ద ఓడని బయటికి లాగుతారు. అక్కడ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. శత్రువులు కుప్పలుగా పడిపోతున్నప్పుడు మాత్రం ఊరికే టీ తాగుతూ కూర్చున్నాడు. ఎందుకంత బాధ అని అడిగితే సినిమా మాట ఎత్తలేదు, మునిగిపోయిన ఇంకో ఓడ సంగతి చెప్పాడు.

సినిమా రావడానికి మూడున్నర నెలల ముందు, 2014 ఏప్రిల్ 16న, సెవోల్ అనే ప్రయాణికుల ఓడ మునిగింది. 304 మంది పోయారు. అందులో 250 మంది ఒకే హైస్కూలు పిల్లలు, విహారయాత్రకి బయల్దేరినవాళ్లు. ఉన్నచోటే కదలకుండా ఉండమని మైకులో చెబుతుంటే పిల్లలు అలాగే ఉండిపోయారు. కెప్టెన్ మాత్రం ముందుగా ఒడ్డుకి చేరినవాళ్లలో ఉన్నాడు. ఆ ఓడ మునిగింది జిందో దీవి దగ్గర. 1597 యుద్ధం జరిగిన జలసంధి కూడా జిందో పక్కదే. ఓడని వదిలిపెట్టని మనిషిని తెర మీదైనా చూసుకుందామని జనం ఎగబడ్డారని ఆయన అంటాడు. నేనూ అదే నమ్ముతున్నాను. ఆ ఏడాది వాళ్లకి కరువైంది అదే మరి.

ఇక్కడ సైన్యాన్ని ఎదిరించిన సినిమాలకి కూడా జనం అలాగే వెళ్తారు. 1980 మే నెలలో గ్వాంగ్జు ఊళ్లో సొంత సైన్యమే పౌరుల్ని కాల్చింది. ఒక జర్మన్ విలేఖరిని ఆ ఊరికి చేర్చిన టాక్సీ డ్రైవరు కథని 2017లో తీస్తే 1 కోటి 20 లక్షల మంది చూశారు. 1979 నాటి సైనిక కుట్ర మీద 2023లో వచ్చిన సినిమాకి అంతకన్నా ఎక్కువే. మరుసటి ఏడు డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు మార్షల్ లా అన్నాడు కదా, మేమంతా టెన్షన్‌తో ఫోన్లకే అతుక్కుపోయాం. మామూలు జనం చలిలో పార్లమెంటు ముందుకెళ్లి సైనికులకి అడ్డం నిలబడ్డారు. తెల్లారేలోగా అది రద్దయింది. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న దాదాపు ప్రతి మగపిల్లాడూ కనీసం ఏడాదిన్నర సైన్యంలో చెయ్యాల్సిందే. అందుకే వీళ్లకి సిపాయి అంటే ఇంట్లో మనిషే, దేవుడు కాదు. మన పాతపట్నం వైపు మిలిటరీ నుంచి సెలవుకొచ్చిన కుర్రాడి చుట్టూ ఊరు ఊరంతా ఎలా మూగుతుందో నీకు తెలుసుగా. అందుకని మనవాళ్లు యుద్ధం సినిమా అడగడం తప్పని నేననను.

కానీ అన్నయ్యా, 1950 నాటి కొరియా యుద్ధం మీద చైనావాళ్లు 2021లో పెద్ద సినిమా తీశారు. మంచులో గడ్డకట్టి చచ్చిపోయిన తమ సిపాయిలే అందులో వీరులు. ఇక్కడివాళ్లకి వాళ్లే ఇళ్ల మీదికొచ్చిన శత్రువులు. మన దేశం ఆ యుద్ధానికి పంపింది వైద్యదళాన్ని. ఆ మాట ఇక్కడి ముసలివాళ్లు చెబితే విని ఎంత గర్వపడ్డానో! దాని మీద మనవాళ్లు ఒక సినిమా తీస్తే బాగుండు.

ఒకే సంగతి ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉండటంలో మన పర్లాకిమిడి మాత్రం తక్కువ తిందా? 1936 ఏప్రిల్ 1న మన ఊరు ఒడిశాలో కలిసింది. మన కొండజాతి సవర పిల్లలకి బళ్లు పెట్టించి, సవర భాషకి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారు ఆ బాధతో ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే రోజు మన పక్కింటి ఒడియావాళ్లకి ఉత్కళ దివస్, వాళ్ల రాష్ట్రం ఏర్పడ్డ పండగ. తెర ముందు ఈ రెండిళ్ల పిల్లలూ, కొండ మీంచి వచ్చి చదువుకుంటున్న సవర గుంటలూ కలిసే కూర్చుంటారు.

అందుకని నా మాట వింటే 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' వెయ్యండి. కృష్ణ గారిదనీ, శ్రీశ్రీ పాటకి జాతీయ అవార్డు వచ్చిందనీ కాదు. కొండవాళ్లతో వెట్టి చేయించినవాళ్ల మీద తిరగబడ్డ మనిషి కథ అది. పొరుగు దేశాన్ని తిట్టే సినిమా వేస్తే పిల్లలు ఈలలేస్తారు, నిజమే. పొద్దున్న లేచాక వాళ్లకి మిగిలేదేమిటి?

సినిమాకి ముందు పక్కింటి సార్‌ని ఒక పావుగంట ఒడియాలో లక్ష్మణ్ నాయక్ గురించి చెప్పమను. కోరాపుట్ కొండల మనిషి, గాంధీ గారి దారిలో నడిచినవాడు. 1942లో మథిలి దగ్గర పోలీసులు జనం మీద కాల్పులు జరిపి, చెయ్యని హత్య ఆయన మీద మోపారు. 1943 మార్చి 29న మన బరంపురం జైల్లోనే ఉరితీశారు. అల్లూరి తిరిగిన కొండలూ ఆయన కొండలూ ఆనుకునే ఉంటాయి. అయినా మన తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? వాళ్ల పిల్లల్లో అల్లూరి ఎంతమందికి తెలుసు? నాకిది చాలా కష్టంగా ఉంటుంది.

స్పీకర్లు రాత్రి పదింటికల్లా తగ్గించండి, ఎదురింట్లో పసిబిడ్డ ఉంది. వాన పడితే స్కూలు వరండా అడగండి. పిల్లలు ఏ సీనుకి చప్పట్లు కొట్టారో, ఎక్కడ నిద్రపోయారో, సవర పిల్లలు ఏమన్నారో అన్నీ వివరంగా రాయి. అమ్మకి, వదినకి నా నమస్కారాలు.

నీ తమ్ముడు