తెలుగు చదివేవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పించండి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది వనపర్తి పక్కన ఒక పల్లె. తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. మా వీధిలో బట్టలు కుట్టే ఒకామె పోయిన పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడింది. నామినేషన్ వేసిన రెండు రోజులకు ఎవరో ఒక యాప్‌లో ఆమె ఫొటో పెట్టి, కింద ఇలా రాశారు: "తెల్లారగట్ల ఏ గడప దాటి వస్తదో అడిగి ఓటెయ్యండి." సాయంత్రానికి ఊళ్లో ప్రతి ఫోన్‌లో అదే.

అందులో ఒక్క బూతు మాట లేదు. చిక్కంతా అక్కడే ఉంది. మా ఊళ్లో పదేళ్ల పిల్లాడికి కూడా దాని అర్థం తెలుసు. ఆమె తనే తెలుగులో ఫిర్యాదు రాసింది. ఆ మాటకు మా దగ్గర ఏమని అర్థమో సిగ్గు చంపుకొని వివరించింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, తమ నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని. పది నిమిషాల్లో ఆ ఫిర్యాదు చదివిన మహానుభావుడు ఎవరో!

హైదరాబాద్‌లో ఉండే మా మేనల్లుడికి సంగతి తెలిసి, అదే విషయం ఇంగ్లీషులో రాసి పెట్టాడు. మర్నాడు పోస్టు మాయం. అప్పటికి పోలింగ్ అయిపోయింది. ఆమె ఓడింది. పోస్టు వల్లే ఓడిందని నేననను, అవతలివాళ్లకూ బలగం ఉంది. కానీ మళ్లీ నిలబడతావా అమ్మా అని అడిగితే, "వద్దు సారూ, నా బిడ్డ బడికి పోవాలె గదా" అన్నది. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు కేటాయించిన రాష్ట్రం మాది.

మీ శాఖ ఏమీ చేయలేదని కాదు. సోషల్ మీడియా కంపెనీల కోసం తెచ్చిన 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనల్లో ఫిర్యాదు అందిన సంగతి 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని రాశారు. 2022లో సవరించి, కంపెనీలు తమ షరతులను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో కూడా చూపించాలన్నారు. సంతోషం. కానీ తెలుగులో ఫిర్యాదు చేస్తే చదవడానికి తెలుగు వచ్చిన మనిషి ఉండాలన్న మాట నాకెక్కడా కనిపించలేదు. పెద్ద కంపెనీలు నెలనెలా ఇచ్చే నివేదికల్లో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో ఉంటుంది. ఏ భాషలో ఎన్నో ఉండదు.

2018 గుర్తుచేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు పుట్టింది. కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార వీడియోను కత్తిరించి, నిజంగా జరిగినట్టు దేశమంతా తిప్పారు. మన దగ్గరా అమాయకులు చచ్చిపోయారు. ఆ జులైలో వాట్సాప్ ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. కానీ అంతకుముందే, అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించి, డప్పు చాటింపు వేయించి, జానపద కళాకారులతో పాటలు పాడించారు. జనం విన్నారు. పుకారు ఏ భాషలో వచ్చిందో జవాబూ ఆ భాషలోనే వచ్చింది మరి.

యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం కింద అతి పెద్ద కంపెనీలు, పోస్టుల తనిఖీకి ఏ అధికార భాషలో ఎంతమంది మనుషుల్ని పెట్టాయో బయటపెట్టాలి. మాల్టా జనాభా మొత్తం 5 లక్షల పైచిలుకు. వాళ్ల మాల్టీస్‌కూ ఆ లెక్క ఇవ్వాల్సిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. మనకు ఆ ఒక్క అంకె అడిగే హక్కు లేదా?

నేను అడిగేది అదే. నెలవారీ నివేదికలో 22 భాషలకూ ఒక్కో వరుస చేర్పించండి: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎంతమంది మనుషులు చదివారు. ఏది అబద్ధమో సర్కారే తేల్చాలని మాత్రం అడగడం లేదు. అలాంటి ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనను బొంబాయి హైకోర్టు 2024లో కొట్టేసింది, మంచిదే అయింది. మా ఊరి పోస్టును ఢిల్లీలో ఎవరూ చూడనక్కర్లేదు. తెలుగు వచ్చిన ఒక మనిషి చూస్తే చాలు.

ఆమె అనుమతితో, పేరు కొట్టేసి, తెలుగు ఫిర్యాదు, ఇంగ్లీషు ఫిర్యాదు, రెండింటికీ వచ్చిన జవాబులు జతచేస్తున్నాను. తెలుగుది మీ ఆఫీసులో ఎవరిచేతనైనా చదివించుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పంతులు