పిల్లల సినిమాని బడిదాకా తీసుకురండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన శనివారం మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలకి ఒక ఇరాన్ సినిమా చూపించాను. అబ్బాస్ కియరొస్తామీ 1987లో తీసిన ‘నేస్తం ఇల్లెక్కడ?’. మాటలు ఫార్సీలో, కింద పడే అక్షరాలు ఇంగ్లీషులో, అందుకని నేనే బోర్డు పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. గంటన్నర కూడా లేని సినిమాకి నా గొంతు పట్టేసింది.

కథ చిన్నదే. హోంవర్కు విడి కాగితం మీద రాసుకొచ్చినందుకు మాస్టారు ఒక పిల్లాడి కాగితం చింపేసి, ఇంకోసారి నోటుబుక్కులో రాయకపోతే బడి నుంచి పంపించేస్తానంటాడు. అట్టలు ఒకేలా ఉండటంతో ఆ నోటుబుక్కు కాస్తా పక్కన కూర్చునే అహ్మద్‌తో ఇంటికి వచ్చేస్తుంది. అమ్మకి చెబుదామంటే ఆవిడ బట్టలు ఉతుకుతూ హోంవర్కు చేసుకో, చంటిదాన్ని చూడు, రొట్టె తీసుకురా అంటుందే తప్ప వాడి మాట చెవిన వేసుకోదు. చివరికి వాడు పుస్తకం పట్టుకుని తన ఊరు కోకెర్ నుంచి కొండ దాటి పోష్తే అనే ఊరికి పరుగు తీస్తాడు, నేస్తం ఇల్లెక్కడో తెలియకుండానే.

కొండ మీద ఆ మెలికల దారి వచ్చినప్పుడు మా తరగతిలో చప్పుడు లేదు. జేబులో సిగరెట్లుండి కూడా, పెద్దల మాట వినడం అలవాటవ్వాలని తాత వాణ్ని సిగరెట్లకి పంపే చోట మాత్రం వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి "మా తాత కూడా గంతే సార్" అంది. ఒక్కరూ నవ్వలేదు.

అందులో ఉన్నది ఆ ఊళ్ల మామూలు జనమే. ఆ ఇద్దరు పిల్లలు నిజంగా అన్నదమ్ములు. 1990 జూన్‌లో అక్కడ భూకంపం వచ్చి వేలమంది పోతే, ఈ పిల్లలు ఏమయ్యారోనని దర్శకుడు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ ప్రయాణం మీదే ఇంకో సినిమా తీశాడు. ఈ సంగతి చెబుతుంటే మావాళ్లు మధ్యలోనే "దొరికిండ్రా సార్?" అని అడిగారు. బతికే ఉన్నారని చెప్పాకే బ్యాగులు సర్దుకున్నారు.

అసలు విషయానికొస్తాను. ఈ సినిమా తీయించింది పిల్లల కోసమే 1965లో అక్కడ పెట్టిన ‘కానూన్’ అనే సంస్థ. పుస్తకాలు వేయడం, లైబ్రరీలు నడపడం కూడా దాని పనే. మనకీ 1955 నుంచి బాలల చలనచిత్ర సమితి ఉండేది, 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి 2017లో మా పిల్లల్ని బస్సులో తీసుకెళ్లాం, జీవితంలో మొదటిసారి పెద్ద తెర చూసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ తర్వాత ఆ ఉత్సవం జరగలేదు, మళ్లీ పిలుపే రాలేదు.

ఆ ఉత్సవాన్ని తిరిగి మొదలుపెట్టాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలని అడుగుతున్నాను. అంతవరకు, కనీసం పది మంచి పిల్లల సినిమాల ప్రదర్శన హక్కులు తీసుకుని తెలుగు మాటలు చేర్చి ప్రభుత్వ బడులకి పంపండి. మా బడికి పెద్ద డిజిటల్ బోర్డు వచ్చింది, కరెంటు ఉంది, శనివారం మధ్యాహ్నం ఖాళీ ఉంది. ఈ నవంబరు 14కి ఒక్క సినిమా అందినా చాలు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా