సరుకులు మేమిస్తాం, కాగితాలు మీరు ఇప్పించండి

జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది చర్చిలో స్త్రీల సమాజం. భర్త పోయిన ఆడవాళ్ల ఇళ్లకు నెలనెలా బియ్యం, కందిపప్పు, నూనె చేరుస్తుంటాం. రంజాన్ నెలలో పక్క వీధి మసీదు వాళ్లు జకాత్ అనే దానం డబ్బుతో ఇదే పని చేస్తారు. సరుకులకు పెద్దగా లోటు లేదండి.

లోటల్లా ఆఫీసుల దగ్గరే. నిరుడు భర్త పోయిన ఒకావిడ ఇప్పటికీ ఆయన ఫోన్‌కి రీచార్జ్ చేయిస్తోంది. గ్యాస్, బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి మరి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని వెళ్తే, "సార్ మీటింగ్‌కెళ్లారు, రేపు రా" అంటారు. అత్తింటివాళ్లు తొంగిచూడరు, పుట్టింటివాళ్లు ఫోనెత్తరు. మేం వెళ్తే ఆవిడ సంచి పక్కన పెట్టేసి, "కాసేపు కూర్చోండక్కా" అంటుంది.

తండ్రి పోయి తల్లి దగ్గరే పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ఆ సంగతి తెలియకే కొందరు తల్లులు పిల్లల్ని అనాథాశ్రమాల్లో వదులుతున్నారు. తల్లి బతికుండగా అనాథ ఏమిటండీ? అలాంటి ఆశ్రమాల్లో చర్చిలు నడిపేవీ ఉన్నాయి, దాచడమెందుకు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లను, రెవెన్యూ వాళ్లను, ఆధార్ ఆపరేటర్‌ను నెలకోరోజు మా మండలంలో ఒకేచోట కూర్చోబెట్టండి. ఏ మతం వాళ్లయినా సరే, తోడు మేం వస్తాం. కావాలంటే చర్చి హాలు ఇస్తాం. బెంచీలు, ఫ్యాన్లు ఉన్నాయి. తేదీ చెప్పండి చాలు.

ఇట్లు,
స్త్రీల సమాజం సభ్యురాలు