ఎన్ని అడుగులు ఎత్తమంటారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైతే కత్తిరించుకోండి గానీ మెట్ల సంగతి మాత్రం తీసేయకండి.

మా ఇంటికి నాలుగు మెట్లుండేవి. 1987లో కట్టేటప్పుడు రెండు చాలన్నాడు మేస్త్రి. మా మామగారిది దివిసీమ. 1977 ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా గడిపిన మనిషి. ఆయన పునాది దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "నాలుగు వేయించవయ్యా, తర్వాత నన్ను తలుచుకుంటావు" అన్నారు. ఇటుకలు, మట్టి తోలకం అదనంగా పడ్డాయి. అప్పుడు లోలోపల తిట్టుకున్నాను కూడా. ఏడేసి అంగుళాల మెట్లు నాలుగు, అంటే రోడ్డు కంటే ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తులో మా హాలు.

మొదటి మెట్టు తారు రోడ్డు వేసినప్పుడు పోయింది. దాని మీదే మళ్లీ తారు పోసినప్పుడు రెండోది. తర్వాత సిమెంటు రోడ్డు, ఆ పైన ఇంకో సిమెంటు రోడ్డు. పాతది తవ్వి తీసి వేద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. లెక్క చూస్తే దాదాపు ఎన్నికకొక మెట్టు. రోడ్డు వేసిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టడానికి మేమే కాయ ఇచ్చాం, చప్పట్లు కొట్టాం. ఇప్పుడు వీధిలోంచి మా ఇంట్లోకి ఎక్కరు, దిగుతారు. మొన్న టేపు పెట్టి కొలిచాను. రోడ్డు కంటే హాలు ఐదు అంగుళాలు కిందుంది. పండగలకి మా ఆవిడ మెట్ల అంచులకి ముగ్గుపిండితో గీతలు వేసేది. చివరి మెట్టు కూడా పోయాక గేటు బయట రోడ్డు మీద వేయడం మొదలుపెట్టింది. తొమ్మిదయ్యేసరికి ఆటోలు తొక్కేసేవి.

2005 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు ఇంకా రెండు మెట్లున్నాయి. ఇంట్లో మోకాలి లోతు నీళ్లొచ్చాయి, రెండు రోజుల్లో పోయాయి. సున్నం వేయించుకున్నాం, మర్చిపోయాం. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం అలా కాదు. పొద్దున కాఫీ వేళకి వీధిలో మడమ లోతు, పదయ్యేసరికి నడుం లోతు. ఎదురింటి భాయ్ గారిది మేడ. ఆయనే కేకేసి పైకి రమ్మన్నారు. మా ఆవిడ జాకెట్లు కుట్టేది. ఇంటికి టైల్స్ వేయించిందీ, అబ్బాయి ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజు కట్టిందీ ఆ కుట్టుపని డబ్బుతోనే. నేను మిషను తల విప్పి భుజాన వేసుకున్నాను. తను ఒక సంచీ పట్టుకుంది. పైకి వెళ్లాక చూస్తే అందులో ఉన్నవి ఊళ్లోవాళ్ల జాకెట్ ముక్కలు, పేర్లు రాసిన చీటీలు గుచ్చినవి. తన పట్టుచీరలు కింద బీరువాలోనే ఉండిపోయాయి. అదేమిటే అంటే "అవి నావి, ఇవి పరాయివి కదండీ" అంది.

ఆ మేడ మీద నాలుగు రాత్రులున్నాం. హెలికాప్టర్లు, డ్రోన్లు, పడవలు మీ పేపర్లో ఫొటోలతో వచ్చినవే కాబట్టి మళ్లీ చెప్పను. ఎందుకు మునిగామో కూడా అప్పట్లో రాశారు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి, కాలువ గుండా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో కృష్ణే నిండి ఉంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. నిండిపోయిన బస్సులోకి ఇంకెవరెక్కుతారు? కాలువకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ వాళ్లు కూడా వచ్చి చేయి వేశాకే 7వ తేదీకి మూడోది పూడింది. అప్పటిదాకా ఆ నీరంతా వాగు పాత దారిన వచ్చింది. మా కాలనీలున్నది ఆ దారి పక్కనే.

నీళ్లు తీశాక హాలు గోడ మీద బురద గీత కనిపించింది. నేల నుంచి ఐదడుగుల నాలుగంగుళాలు. 2005 గీతకూ దీనికీ మూడున్నర అడుగుల పైనే తేడా. ఇదంతా రోడ్డు చేసిన పని అనను. రోడ్డు పెరిగినంత మాత్రాన వరద పెరగదని నాకూ తెలుసు. కానీ వచ్చిన నీరు పోవాలి కదా. వీధిలో నీళ్లు దిగిపోయి బళ్లు తిరుగుతుంటే మా ఇల్లు మాత్రం తొట్టిలా నిలబడి ఉంది. ఇంకో మూడు రోజులు మోటారు పెట్టి తోడించాం. ఫైరింజన్ వాళ్లు వచ్చి పైపుతో బురద కడిగారు. వాళ్లకి దండం పెట్టాలి.

ఇంటి కాగితాలు బీరువా అడుగు అరలో ఉన్నాయి. మీ పత్రిక పాత కాపీలు భాయ్ గారింట్లో ఉంటే తెచ్చి, దస్తావేజు ఒక్కో పేజీకీ మధ్య ఒక్కో పేపరు పెట్టి ఆరబెట్టింది మా ఆవిడ. రోజూ రెండుసార్లు మార్చేది. వారం పట్టింది. స్టాంపు ముద్ర కొద్దిగా అలుక్కుపోయింది గానీ సర్వే నంబరు, హద్దులు చదవొచ్చు. తూర్పు హద్దు దగ్గర మీ పేపరు అక్షరాలు కొన్ని అద్దుకుపోయాయి. ఏదో సిమెంటు ప్రకటన.

తర్వాత నాలుగు నెలలకి, 2025 జనవరిలో, భోగి ముందు రోజు తను పోయింది. వరద వల్లే అని నేననను. షుగరు పదిహేనేళ్లుగా ఉంది, గుండె కూడా సరిగ్గా లేదు. పిల్లలు మాత్రం ఆ బురద వాసన వల్లే అంటారు. నేను వాదించను.

ఏటిసూతకంలో ఇల్లు కదపకూడదని పెద్దవాళ్లంటారు. అది నాకు మంచి సాకు అయింది. ఏం చేద్దాం నాన్నా అని అబ్బాయి అడిగినప్పుడల్లా "ఏడాది తిరగనీరా" అనేవాణ్ణి. మొన్న సంవత్సరీకం అయిపోయింది. ఇక సాకు లేదు. భోజనాల దగ్గరే మొదలైంది. అబ్బాయి హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కున్నాడు. "ఇంకెన్నిసార్లు కడుక్కుంటావు ఆ ఇల్లు, అమ్మేసి వచ్చేయ్" అన్నాడు. అమ్మాయి గుడివాడలో ఉంటుంది. "అమ్మ కట్టించిన ఇల్లు రా అది" అని ఏడ్చింది. తను మాత్రం ఏడాదికి రెండుసార్లే వస్తుంది. ఆ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

బ్రోకరొకడు ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. వాడు హాల్లోకి తొంగి కూడా చూడడు. గేటు దగ్గరే నిలబడి "ఇల్లు లెక్కలోకి రాదు సార్, స్థలానికే రేటు. అదీ వరద ఏరియా కదా" అంటాడు. కొనేవాళ్లు ఇల్లు పడగొట్టి, కింద పార్కింగు వదిలి అపార్టుమెంటు లేపుతారట. "ఈసారి మునిగితే బళ్లు మునుగుతాయి, మనుషులు మునగరు" అని నవ్వాడు. నవ్వొచ్చే మాటే. నాకు రాలేదు.

ఇంకో దారి ఉంది, జాకీలు. ఇంటిని జాకీల మీద ఎత్తడం మన జిల్లాల్లో ఇప్పుడు వింతేం కాదు. మా పక్క కాలనీలో ఒక ఇల్లు ఎత్తుతుంటే రెండు రోజులు వెళ్లి చూశాను. గోడల కింద తవ్వుకుంటూ ఇనుప చానళ్లు దూర్చి, రెండడుగులకొకటి చొప్పున స్క్రూ జాకీలు పెట్టారు. అన్ని గోడల కిందా కలిపి వందకు పైగా ఉంటాయి. ఒక్కో పనివాడికి పది పన్నెండు జాకీలు. మేస్త్రి విజిల్ వేస్తే అందరూ ఒక్కో తిప్పు తిప్పుతారు, విజిల్ ఆగితే ఆగుతారు. ఒకడు తొందరపడితే గోడ చీలుతుంది. ముప్పై నాలుగేళ్లు బస్సుల కింద పడుకున్నవాణ్ణి, జాకీ మాట వింటే నాకు భయం లేదు. ఆ పనివాళ్లకి హిందీ తప్ప రాదు, నాకు హిందీ రాదు. అయినా జాకీ గురించి గంట మాట్లాడుకున్నాం.

ఆ కాంట్రాక్టర్ని మా ఇంటికి తీసుకొచ్చాను. గోడలు తట్టి చూశాడు, శ్లాబు చూశాడు. పాత ఇటుక గోడలైనా గట్టిగానే ఉన్నాయన్నాడు. మూడడుగులకి మూడు లక్షల పైన అవుతుందన్నాడు. నేల మళ్లీ నింపుకోవడం, టైల్సు, డ్రైనేజీ పైపులు నావే. అన్నీ చెప్పి చివర్లో అడిగాడు, "ఎన్ని అడుగులు ఎత్తమంటారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఉత్తరం.

మళ్లీ వస్తే 2005లా మోకాలి లోతే వస్తుందనుకుంటే మూడడుగులు చాలు. ఎత్తించుకుంటాను, ఇక్కడే ఉంటాను. 2024లా వస్తుందనుకుంటే నాకు ఆరడుగులు కావాలి. అంత ఎత్తుకి ఈ ముసలి ఇంటిని లేపడం డబ్బు దండగ. పడగొట్టి స్తంభాల మీద కట్టుకోవాలి, లేదా అబ్బాయి చెప్పినట్టు అమ్మేసి పోవాలి. ఉండాలా పోవాలా అని మా ఇంట్లో అందరూ మనసుని అడుగుతున్నారు. నేను అడగాల్సింది ఒక అంకె.

ఆ అంకె కోసం తిరిగాను. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికెళ్తే మొదటి ఆఫీసు పేరే చెప్పారు. ఒక కుర్ర ఇంజనీరు మాత్రం కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మీ వీధి లెవెల్ ఎంతో సర్వే చేస్తే తెలుస్తుంది సార్, కానీ మిమ్మల్ని అడగమన్నదెవరు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి కూడా మంచిదే. ఫోన్లో కొడుతూ ఒక్కటే అడిగింది, గ్రౌండ్ ఫ్లోరా, పై అంతస్తా అని. మునిగిన గ్రౌండ్ ఫ్లోరుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చారు. నాకూ అందాయి, కాదనను. కానీ నడుం లోతు మునిగిన ఇల్లూ ఫ్యాను రెక్కల దాకా మునిగిన ఇల్లూ ఆ ఫోన్లో ఒకటే. ఎన్ని అడుగులు వచ్చిందని అప్పుడే ఇంటింటికీ రాసుకుని ఉంటే, గీతలు గోడల మీద తడిగా ఉండగానే ఊరంతటి కొలత ఒక్క వారంలో చేతికొచ్చేది. ఇప్పుడు అందరూ రంగులు వేసేసుకున్నారు.

కృష్ణలంక వైపు నది ఒడ్డున రిటైనింగ్ వాల్ కట్టారు. 2024లో అంత వరద వచ్చినా అది ఆ లంకని కాపాడింది. మాకు గోడ కట్టమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. కాలువ వెడల్పు చేయడం, కట్టలు గట్టిచేయడం పెద్దవాళ్లు చూసుకునే పని, ఎప్పటికవుతుందో అవుతుంది. నేనడిగేవి చిన్నవి. ప్రతి వీధిలో ఒక కరెంటు స్తంభం మీద 2024 నీటిమట్టం గీత, తేదీతో సహా, చెరగని రంగుతో వేయించండి. ఈ వీధిలో కొత్తగా కట్టేవాళ్లూ ఎత్తించుకునేవాళ్లూ నేల మట్టం ఇంతకి తగ్గకుండా పెట్టుకోవాలని ఒక అంకె చెప్పండి. ఇక మీదట రోడ్డు వేసేముందు పాత రోడ్డు తవ్వి తీసేయండి. లేకపోతే నేను మూడడుగులు ఎత్తించినా ఇంకో నాలుగు ఎన్నికల్లో మళ్లీ ఇంట్లోకి దిగుతాను.

గీత వేస్తే స్థలాల రేట్లు పడిపోతాయని మా వీధిలోనే కొందరికి కోపం. "నీ ఇంటి లోతు ఊరందరికీ చూపిస్తావా" అని ఒకాయన నా మీద లేచాడు. ఆయన బాధ నాకు తెలుసు. కూతురి పెళ్లికి ఆ ఇల్లే ఆధారం. కానీ ఆ ఇల్లు కొనేవాడికీ ఒక కూతురుంటుంది. గీత చూసి కొనుక్కుంటే, వాడు కనీసం ఎత్తుగా కట్టుకుంటాడు.

మా గేటు ముందు స్తంభం మీద నేనే ఒక గీత వేశాను, బస్సులకి వాడే ఎర్ర రంగు మిగిలి ఉంటే. హాలు గోడ మీది మచ్చ నుంచి నీటిగొట్టంతో మట్టం పట్టుకుని బయటికి తెచ్చాను, భాయ్ గారబ్బాయి రెండో కొస పట్టుకున్నాడు. రోడ్డు నుంచి ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ వచ్చింది. మళ్లీ రోడ్డు వేస్తే ఆ లెక్క మారిపోతుంది కాబట్టి, గీత నుంచి మా శ్లాబు అడుగుకి ఎంతో కూడా కొలిచి, మీటరు బోర్డు తలుపు లోపలివైపు రాసిపెట్టాను. ఎవరైనా స్తంభం మార్చినా అది ఉంటుంది.

కాంట్రాక్టరు ఉగాది వెళ్లాక వస్తానన్నాడు. వానలు పడకముందే పని అవ్వాలట. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ
ఫిబ్రవరి 2026