దేవదారుల వీధికి వెళ్లే ముందు

చిట్టితల్లీ,

ఆల్టడీనాలో క్రిస్మస్ దీపాలు చూడ్డానికి వెళ్లడం గురించి మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కనే మీ నాన్నగారు "వెళ్లండి, వెళ్లండి, అందులో అడగడానికేముంది" అంటూ ఉన్నారు. నువ్వేమో పిల్లాడికి అన్నం తినిపిస్తూ మధ్యమధ్యలో మాట్లాడుతున్నావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

"అంతమంది ఇళ్లు కాలిపోయిన చోటికి దీపాలు చూడ్డానికి వెళ్లడమేంటమ్మా, బాగుంటుందా?" అన్నావు. అలా అడగాలని నీకు తోచినందుకు సంతోషం. నన్నడిగితే వెళ్లాలనే అంటాను. కానీ చిన్నప్పుడు నిన్ను తీసుకెళ్లినట్టు, కారు వెనక సీట్లో కూర్చుని చిప్స్ తింటూ కాదు. అది ఎవరో కట్టిన ఎగ్జిబిషన్ కాదు, మనుషులు కాపురాలుండే వీధి. వాళ్ల గుమ్మం ముందు నుంచే మనం నడుస్తాం. ఆ వీధి సంగతి తెలిసి వెళ్తే, ఎలా మసలుకోవాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

అందరూ క్రిస్మస్ ట్రీ లేన్ అంటారు కానీ దాని అసలు పేరు శాంటా రోసా అవెన్యూ. పాసడీనా దాటి ఉత్తరంగా, శాన్ గేబ్రియల్ కొండల కింద ఆల్టడీనాలో ఉంది. ఆల్టడీనాకి మేయరూ లేడు, నగరపాలక సంస్థా లేదు, నేరుగా లాస్ ఏంజిలిస్ కౌంటీ కింద ఉండే ఊరు. వీధి కింద వుడ్‌బరీ రోడ్డు దగ్గర మొదలై పైన ఆల్టడీనా డ్రైవ్ దాకా వెళ్తుంది. పొడవు ఓ కిలోమీటరు పైచిలుకు, అంతే. రెండు వైపులా బారులు తీరి దేవదారు చెట్లు. ఆ వీధికి పేరొచ్చింది వాటివల్లే, బల్బులు తర్వాత వచ్చాయి.

ఆ చెట్లు అక్కడికి వచ్చిన కథ నాకు భలే ఇష్టం. జాన్ వుడ్‌బరీ అనే ఆయన, ఆల్టడీనా ఊరికి పునాది వేసిన అన్నదమ్ముల్లో ఒకడు, 1883లో ఇటలీ నుంచి దేవదారు విత్తనాలు తెప్పించాడు. మొలిపించిన మొక్కల్ని 1885లో వరసగా నాటించాడు. తను కట్టుకోబోయే పెద్ద బంగళాకి వెళ్లే దారికి అటూ ఇటూ నీడ ఉండాలని ఆయన ఊహ. ఇంతలో ఇక్కడి స్థలాల ధరలు గాలి తీసినట్టు పడిపోయాయి, బంగళా కట్టనేలేదు. దారీ చెట్లూ మాత్రం మిగిలి ఊరందరివీ అయ్యాయి. ఆ బంగళా లేచి ఉంటే ఇప్పటికి దానికో గేటు, గేటుకో టికెట్టు ఉండేవేమో.

దేవదారు హిమాలయాల చెట్టు కదా. శివుడు ఒక దేవదారును కొడుకుగా పెంచుకున్నాడని మా తాతయ్య చెప్పేవారు. అడవి ఏనుగు ఒళ్లు రుద్దుకుని దాని బెరడు ఊడిపోతే, కుమారస్వామికి దెబ్బ తగిలినంతగా పార్వతి తల్లడిల్లిందట. అప్పటినుంచి దానికి ఒక సింహాన్ని కాపలా పెట్టారట. ఇది పిల్లాడికి కారులోనే చెప్పు, వాడికి సింహం అంటే చాలు. అక్కడికి చేరాక ప్రతి చెట్టు కిందా సింహం కోసం వెతుకుతాడు, నడవనని మారాం చెయ్యడు.

దీపాలు 1920లో మొదలయ్యాయి. ఫ్రెడరిక్ నాష్ అని పాసడీనాలో పెద్ద దుకాణం నడిపే వ్యాపారి, కివానిస్ క్లబ్బు అనే సేవా సంఘంవాళ్లతో కలిసి ఈ చెట్లకి రంగు బల్బులు కట్టించాడు. జనం వస్తే తన కొట్టుకీ మంచిదే అనుకున్నాడేమో, అనుకుంటే మాత్రం తప్పేముంది. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి మొదటిసారి కరెంటు బల్బులు పెట్టింది 1882లో. ఎరుపు, తెలుపు, నీలం కలిపి 80 బల్బులు. అది జరిగి నలభయ్యేళ్లయినా కాకముందే ఇక్కడ వీధి వీధంతా వెలిగించారంటే ఆ రోజుల్లో జనం ఎంత నోరెళ్లబెట్టారో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దీపాలు ఆపేశారు, యుద్ధం అయ్యాక మళ్లీ వెలిగించారు. 1990లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కించారు. వీధిలో చెట్ల వరసకి అలాంటి గౌరవం రావడం తక్కువే.

పాసడీనాలోనే అప్పర్ హేస్టింగ్స్ రాంచ్ ఉంది చూడు, నీ స్నేహితురాలు ఒకామె అక్కడ ఉండేది. అక్కడ పద్ధతి వేరు. ఒక్కో వీధికి ఒక్కో బొమ్మ అనుకుని, ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ అదే చెక్క బొమ్మ నిలబెడతారు. ఆపైన ఎవరి ఇంటి అలంకారం వాళ్లది. సరదాగానే ఉంటుంది, పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం నాలుగిళ్లు దాటేసరికి కళ్లు అలిసిపోతాయి. పాటలకి తగ్గట్టు దీపాలు మిణుకుమిణుకుమనడం, గాలి నింపిన క్రిస్మస్ తాత బొమ్మలు ఊగడం, అంతా ఒకేసారి మీద పడుతుంది. శాంటా రోసాలో అవేం ఉండవు. చీకటి, చెట్టు, కిందికి వాలిన కొమ్మల వెంబడి రంగు బల్బుల దండలు. చెట్లే బాగా ఎత్తు కాబట్టి తల పైకెత్తి చూడాల్సిందే.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. వీధిలోకి తిరగగానే కార్లవాళ్లు హెడ్‌లైట్లు ఆర్పేసి, పార్కింగ్ లైట్లతో నెమ్మదిగా పోనిస్తారు. ఎదుటి కారు వెలుగులో దీపాలు వెలవెలబోతాయి మరి. తెలియనివాడెవడైనా హెడ్‌లైట్లతో వస్తే పక్కన నడిచేవాళ్లు చెయ్యి ఊపి చెప్తారు, అంతకుమించి కసురుకోరు. మీ నాన్నగారు ఇప్పటికీ కారులోనే వెళ్దామంటారు, మోకాళ్ల నొప్పి వంక. కారులోంచి ఏం కనిపిస్తుంది చెప్పు? ముందు కారు వెనకభాగం. చెట్ల పైకొమ్మలు కారు టాపు దాటి ఎక్కడో ఉంటాయి. పైగా ఒక్కో రాత్రి రద్దీ ఎంతుంటుందంటే నడిచేవాళ్లే ముందు చేరుకుంటారు. కాబట్టి నడుద్దాం. పైనించి కిందికి నడిస్తే మోకాళ్లకీ సుఖం, కొండ వాలు మనకి సాయం చేస్తుంది. పిల్లాడి కోసం స్ట్రోలర్ తెచ్చుకో. పేవ్‌మెంట్ మీద కొన్ని చోట్ల వేళ్లు పైకి తన్ని ఉంటాయి, చీకట్లో కాస్త చూసుకుని తొయ్యాలి.

కింద ఎండిపోయిన కాయల రెక్కలు కనిపిస్తే ఏరుకోమను. దేవదారు కాయ పండాక చెట్టు మీదే పొరలు పొరలుగా విడిపోతుంది. కొసభాగం మాత్రం విడిపోకుండా ఒక్క ముక్కగా కింద పడుతుంది. అచ్చం చెక్కతో చేసిన గులాబీలా ఉంటుంది. కింద పడ్డవే తీసుకోనివ్వు, కొమ్మలు మాత్రం లాగనివ్వకు. వాటికి వైర్లు చుట్టి ఉంటాయి.

ఒక బల్బు పోతే దండంతా ఆరిపోతుందా అని వాడు తప్పకుండా అడుగుతాడు, నువ్వూ అడిగేదానివి. ఈ ప్రశ్న మీ నాన్నగారికి వదిలెయ్, ఆయనకి పండగే. పెద్ద బల్బుల దండల్లో ప్రతి బల్బుకీ నేరుగా 120 వోల్టులు అందుతాయి కాబట్టి ఒకటి పోయినా పక్కది వెలుగుతుంది. మన వరండాకి కట్టే చిన్న బల్బుల దండలో యాభై బల్బులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒక్కోదానికి రెండున్నర వోల్టుల లోపే వస్తుంది. అందులో ఫిలమెంట్ తెగితే లోపల దాని కాళ్లకి చుట్టిన సన్నటి తీగ మీద వోల్టేజీ అంతా పడి, తీగ పైపూత కాలిపోయి, కరెంటు అటునుంచి దారి చేసుకుంటుంది. కానీ బల్బు హోల్డర్లోంచి ఊడిపోతే మాత్రం ఏ తీగా కాపాడదు, దండంతా చీకటే. ఇదంతా ఆయన వాడికి కాగితం మీద బొమ్మ గీసి చెప్పడానికి ఇప్పుడే సిద్ధమైపోయారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2025 జనవరి 7 సాయంత్రం ఆల్టడీనా పక్కనున్న ఈటన్ లోయ దగ్గర మంటలు లేచాయి. ఆ రోజు గాలి నీకు ఫోన్‌లో కూడా వినిపించింది. తెల్లారేసరికి ఆల్టడీనాలో వీధులకి వీధులు లేవు. లెక్క తేలేసరికి 9,000కు పైగా కట్టడాలు పోయాయి, 18 మందికి పైగా చనిపోయారు. మన పెరట్లో రోజుల తరబడి బూడిద ఊడ్చాను. అందులో ఒకసారి సగం కాలిన పుస్తకం పేజీ దొరికింది. ఎవరింటిదో. దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

అంత మంటలోనూ శాంటా రోసా దేవదారులు దాదాపు అన్నీ నిలిచాయి. ఆ చుట్టుపక్కల ఇళ్లు ఎన్నో నేలమట్టమయ్యాయి, చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. వీధి పక్కనే ఉన్న లైబ్రరీ కూడా మిగిలింది. దీన్ని మహిమ అని చెప్పేవాళ్లున్నారు. నేను ఆ మాట అనలేను. అలా అంటే కాలిపోయిన ఇళ్లవాళ్లకి మహిమ దక్కలేదనా?

ఈ నెల మొదట్లో అక్కడ మళ్లీ దీపాలు వెలిగించారు. వెలిగించడమంటే స్విచ్చి వేస్తే అయిపోయే పని కాదు. డిసెంబరుకి రెండు నెలల ముందు నుంచే శని ఆదివారాల్లో వాలంటీర్లు వచ్చి చెట్టు చెట్టుకీ దండలు కడతారు. పండగ అయ్యాక మళ్లీ వాళ్లే విప్పాలి. జీతం లేదు, కాంట్రాక్టరు లేడు. క్రిస్మస్ ట్రీ లేన్ అసోసియేషన్ అని ఊరివాళ్లదే ఒక సంఘం, చందాల మీద నడుస్తుంది. ఈసారి ఆ పనికి వచ్చినవాళ్లలో సొంత ఇల్లు లేనివాళ్లూ ఉన్నారు. నాతో యోగా క్లాసుకి వచ్చే ఆవిడ కూడా వెళ్లింది. ఆమె ఇల్లు మొత్తం పోయింది, ఇప్పుడు అద్దె అపార్ట్‌మెంట్లో ఉంటోంది. నీ ప్రశ్నే నేను ఆమెని అడిగాను. "జనం వస్తే బాధ లేదండీ, మమ్మల్ని మర్చిపోతేనే బాధ. కానీ నా ఖాళీ స్థలం ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటే మాత్రం ఊరుకోను" అంది. నీకు నేను చెప్పే జవాబు కూడా అదే.

కాబట్టి చెట్లని ఫోటో తీసుకో, కాలిన స్థలాలని వద్దు. అల్లుడుగారికి కెమెరా చేతికొస్తే ఆగరు, ముందే చెప్పి ఉంచు. ఎవరి డ్రైవ్‌వే ముందూ కారు ఆపొద్దు. కొన్ని స్థలాల్లో ట్రైలర్లు పెట్టుకుని ఉంటున్నారు, కిటికీలో వెలుగు కనిపిస్తే అది వాళ్ల ఇల్లే, అటు తొంగి చూడొద్దు. పిల్లాడు "ఈ ఇల్లు ఏమైంది?" అని గట్టిగా అడుగుతాడు, అడగనీ. "నిప్పంటుకుని కాలిపోయింది, మళ్లీ కట్టుకుంటారు" అని మామూలు గొంతుతో చెప్పు. చాటుగా గుసగుసలాడితే వాడు భయపడతాడు, వినేవాళ్లకీ ఇబ్బందే. తిండి మాత్రం ఆల్టడీనాలో తెరిచి ఉన్న ఏదో ఒక కొట్లోనే కొనుక్కుందాం. నేను ఇంట్లో వండనంటున్నానని మీ నాన్నగారు ఆశ్చర్యపోతున్నారు. ఆ రోజుకి ఆ డబ్బు ఆ ఊళ్లో ఖర్చవ్వాలి. సంఘానికి చందా నేను ఇప్పటికే పంపాను, నీ పేరు మీద కూడా కలిపి. తిరిగి ఇవ్వక్కర్లేదు.

ఇక ఏ రోజు వెళ్లాలన్నది. ఈ రోజుల్లో ఐదుకి ముందే సూర్యుడు అస్తమిస్తాడు, కాబట్టి పిల్లాడి నిద్రవేళ దాకా ఆగక్కర్లేదు. వారాంతం వద్దు, కార్లు కదలవు. మంగళవారం అయితే మేలు. మీరు సోమవారం రాత్రికే ఇక్కడికి చేరుకుంటే పొద్దున్న విశ్రాంతి తీసుకుని సాయంత్రం బయల్దేరదాం. కొండల మీంచి చల్లగాలి వస్తుంది, మీ ఊళ్లోలా పల్చటి చొక్కాతో తిప్పకు వాణ్ణి. వాడి ఎర్ర స్వెటర్ పోయినసారి ఇక్కడే వదిలి వెళ్లావు, అక్కడ వెతుక్కోకు. చేతులు కాస్త పొట్టయి ఉంటాయేమో, నాలుగు వరసలు కలిపి అల్లి ఉంచుతాను. కొలత పంపు.

మీ అమ్మ