తవ్విన మట్టికి ఫోను ఒక్కటే సాక్ష్యమా? కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను రాయలసీమలో ఒక పల్లెలో ఉపాధి హామీ పనుల దగ్గర మేటుగా, అంటే కూలీల హాజరు చూసే మనిషిగా ఉన్నాను. మా ప్రాంతంలో చాలామంది ఇప్పటికీ దీన్ని కరువు పని అనే అంటారు. ఇప్పుడు రాయబోయే విషయం మీద మా ఊరి కూలీలు అర్జీలు తీసుకునే ప్రతి చోటా అర్జీ ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ రసీదు వచ్చింది. కొన్నాళ్లకు సమస్య పరిష్కారమైందంటూ ఫోనుకు సందేశం కూడా వచ్చింది. పోయిన కూలి మాత్రం రాలేదు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ‘అది మా చేతుల్లో లేదమ్మా, హాజరు వేసే యాప్ ఢిల్లీ వాళ్లది.’ ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

పని చేసిన మనిషికి, ఫోనులో హాజరు పడలేదన్న కారణంతో కూలి ఎగ్గొట్టడం ఏ న్యాయమో మీరు చెప్పాలి.

వేసవిలో మా కూలీలు చీకటితోనే లేచి, సద్ది కట్టుకుని ఆరు గంటలకల్లా గుట్ట కింద కందకాల దగ్గరికి చేరతారు. పదకొండు దాటితే ఆ రాళ్ల నేల మీద నిలబడలేరు. నేను మస్టరు, అంటే హాజరు పట్టీ చూసి ఒక్కొక్కరి పేరు యాప్‌లో నమోదు చేసి, అందరినీ వరుసగా నిలబెట్టి మొదటి ఫొటో తీస్తాను. నాలుగు గంటలు గడిచాక రెండో ఫొటో తీయాలి. ఆ రోజు తవ్వాల్సినది ముందే తవ్వేసినా రెండో ఫొటో పడేదాకా ఎవరూ కదలకూడదు. మే నెల ఎండలో, చెట్టు నీడ లేని చోట, పని అయిపోయిన మనుషులు కెమెరా కోసం కాచుకుని ఉంటారు. వాళ్లలో పసిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన తల్లులు ఉంటారు. షుగరు మందులు మింగి వచ్చిన పెద్దవాళ్లు ఉంటారు. పొమ్మని చెప్పే అధికారం నాకు లేదు. ఉండమని చెప్పడానికి మనసు రాదు.

ఇంత చేసినా హాజరు పడుతుందన్న నమ్మకం లేదు. గుట్ట కింద సిగ్నల్ ఉండదు. ఫొటో తీసి పెట్టుకుని, సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి పంపవచ్చని శిక్షణలో చెప్పారు. ఒక్కోసారి అలాగే వెళుతుంది. ఒక్కోసారి సగం పేర్లు ఎక్కి మిగతా సగం ఎక్కవు. ఒక్కోసారి మొదటి ఫొటో వెళ్లి, రెండోది తీసే సమయానికి యాప్ తెరుచుకోదు. ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోతుంది. ఆ ఫోను నాది, అందులో వేయించే రీచార్జి కూడా నాదే. అది ఆగిన రోజు పోయేది మాత్రం ఆ కూలీల రోజు కూలి.

సాయంత్రం వాళ్లు మా ఇంటికి వస్తారు. ‘ఏమ్మా, మా పేర్లు పడ్డాయా?’ అని అడుగుతారు. పడలేదని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్లు పనికి వచ్చారని నాకు తెలుసు. పక్కన తవ్వినవాళ్లకు తెలుసు. ఊళ్లో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటుకు తెలుసు. ఊరందరికీ తెలిసిన నిజాన్ని మీ యాప్ ఒప్పుకోకపోతే, మా అందరి మాటా చెల్లదు.

మంత్రి గారూ, మాది కొలత కూలి. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణలకు మీ శాఖ ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. పని స్థలంలో ఊరికే నిలబడి ఉన్నందుకు ఎవరూ మాకు ఆ డబ్బు ఇవ్వరు. టెక్నికల్ అసిస్టెంటు టేపు పట్టుకుని వచ్చి, కందకం పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఎన్ని ఘనపు మీటర్లు తవ్వామో కొలతల పుస్తకంలో రాసుకుంటారు. ఆ లెక్క ప్రకారమే కూలి కడతారు. గట్టి నేల తగిలిన వారం ఎంత గడ్డపార వేసినా 307 చేతికి రావు. అంటే మేము పని చేశామనడానికి సాక్ష్యం నేల మీదే ఉంది. కందకం ఎక్కడికీ పోదు. ఏ అధికారి అయినా ఎప్పుడైనా వచ్చి కొలుచుకోవచ్చు.

అయినా మీ లెక్కలో ఫొటోదే పైచేయి. గ్రూపులో ఇరవై మంది తవ్వారనుకోండి. కొలతలో ఇరవై మంది తవ్విన మట్టి ఉంటుంది. యాప్‌లో పదిహేడు పేర్లే ఎక్కితే మస్టరులో పదిహేడు మందే ఉంటారు. మిగిలిన ముగ్గురు తవ్విన మట్టి ప్రభుత్వ లెక్కలోకి వచ్చింది, ఆ ముగ్గురికి కూలి రాలేదు. దీన్ని సాంకేతిక సమస్య అని ఎలా అనమంటారు? ఒక రైతు తన పొలంలో ముగ్గురి చేత పని చేయించుకుని కూలి ఇవ్వకపోతే ఊళ్లో పంచాయితీ పెడతారు. ఇక్కడ మేము ఎవరి మీద పంచాయితీ పెట్టాలి?

ముఖం చూసి గుర్తించే ఈకేవైసీ వచ్చాక ఇబ్బంది ఇంకా పెరిగింది. మా గ్రూపులో ఒక పెద్దమ్మ ఉన్నారు. ఆమె ఆధార్ ఫొటో ఎప్పుడో తీసినది. అప్పటికీ ఇప్పటికీ పళ్లు ఊడిపోయాయి, ముఖం చిక్కిపోయింది. ఫోను ముందు కళ్లు మూసి తెరవమంటే ఆమెకు అర్థం కాదు. అర్థమై తెరిచినా ఫోను ఒప్పుకోదు. వేలిముద్ర సంగతి ఎత్తకండి, గడ్డపార పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. ‘నేను నేనే అని ఎవరికి చెప్పుకోవాలి?’ అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమెకు జాబ్ కార్డు ఉంది. ఊళ్లో ఇల్లు ఉంది, ఓటు ఉంది. ఓటు వేసే రోజు ఆమెను గుర్తుపట్టడానికి ఎవరికీ ఏ కష్టమూ లేదు.

ఇక 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. జాబ్ కార్డులో ఒక అక్షరం, ఆధార్‌లో మరో అక్షరం ఉంటే డబ్బు ఆగుతుంది. కొందరికి డబ్బు పడుతుంది కానీ ఏ ఖాతాలో పడిందో తెలియదు. ఎప్పుడో డ్వాక్రా అప్పు కోసమో, గ్యాసు కోసమో తెరిచిన ఖాతాకు ఆధార్ ముడిపడి ఉంటే అందులోకి వెళుతుంది. దాన్ని వెతుక్కుంటూ బ్యాంకుకు, మీసేవకు, మండలానికి తిరగడానికి అయ్యే చార్జీలూ, పోయే పని దినాలూ ఎవరి లెక్కలోకీ రావు. కూలి ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో ఉంది. 307 రూపాయల మీద అది రోజుకు 15 పైసలు. ఆ 15 పైసలైనా మస్టరులో పేరు ఉన్నవాళ్లకే. పేరే ఎక్కనివాళ్లకు ఆలస్యమని అడిగే హక్కు కూడా లేదు.

దొంగ మస్టర్లను అరికట్టడానికే ఇదంతా అని అంటారు. దొంగ మస్టర్లు లేవని నేను అనను. మా కూలి దోచుకున్నవాళ్ల మీద అందరికంటే ఎక్కువ కోపం ఉన్నది మాకే. కానీ యాప్ వాళ్లను ఆపిందా? 2025 జులైలో మీ శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. యాప్‌లో పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారని అందులో మీరే ఒప్పుకున్నారు. మోసం చేయదలచినవాడు దారి కనిపెట్టుకున్నాడు. నిజంగా పని చేసినవాళ్లు మాత్రం సర్వర్ ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూస్తున్నారు.

మంత్రి గారూ, మోసాన్ని పట్టే పద్ధతి మా రాష్ట్రంలో ముందే ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు గట్టిగా నిలబెట్టింది కూడా ఆంధ్రప్రదేశే. తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరిగి అడుగుతుంది. గ్రామసభలో మస్టరును పైకి చదువుతుంది. పనికి హాజరు కాని మనిషి పేరు చదివితే, ‘ఆయన ఆ వారమంతా బెంగళూరులో ఉన్నాడు’ అని ఊళ్లోవాళ్లే లేచి చెబుతారు. ఏ కెమెరా ఆ మాట చెప్పగలదు? ఆ బృందాలకు డబ్బు, సమయం, అధికారం ఇవ్వండి. ఆ సభల్లో తేలిన సొమ్ము వసూలు చేయండి. మీరు నమ్మాల్సినది ఆ సభను.

సాఫ్ట్‌వేర్ మారినప్పుడు మేము నష్టపోవడం ఇది మొదటిసారి కాదు. మా రాష్ట్రానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న రోజుల్లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వేసవి భత్యం ఉండేది. ఎండకు నేల గట్టిపడి తక్కువ తవ్వినా, నెలను బట్టి 20 నుంచి 30 శాతం దాకా కలిపి లెక్కగట్టేవాళ్లు. కేంద్రం సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ భత్యం పోయింది. ఎండ తగ్గిందా?

కొండ ప్రాంతాల్లో, సిగ్నల్ లేనిచోట, జిల్లా అధికారి అనుమతితో కాగితం మీద హాజరు వేయవచ్చన్న మినహాయింపు ఉంది. అది కాగితం మీదే ఉంది. హాజరు పడని రోజున నేను ఫీల్డ్ అసిస్టెంటుకు చెప్పాలి, ఆయన మండలానికి, మండలం జిల్లాకు రాయాలి. ఆ లోపు మస్టరు మూసుకుపోతుంది. మూసిన మస్టరును తెరవడానికి ఎవరూ సంతకం పెట్టరు, పెడితే తమ మీదికి వస్తుందని భయం.

ఇప్పుడు, ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో మీరు పార్లమెంటులో ఆమోదింపజేసిన వీబీ జీ రామ్ జీ చట్టం గురించి. 125 రోజుల హామీ అని మీరు చెబుతున్నారు. 100 రోజుల చట్టం ఉన్నప్పుడే దేశంలో సగటున ఒక కుటుంబానికి ఏడాదికి 50 రోజుల చుట్టూనే పని దొరికింది. ఇన్నాళ్లూ కూలి మొత్తం కేంద్రమే భరించేది, ఇకపై మా రాష్ట్రం 40 శాతం పెట్టాలి. విత్తనాలు, కోతల కాలంలో 60 రోజులు పని ఆపుతారట. మా సీమలో వాన రాకపోతే విత్తనమే పడదు, ఆ రోజుల్లో మేము ఎవరి పొలంలో కూలికి వెళ్లాలి? వీటి మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఎక్కువ రాయను. నా భయం వేరే ఉంది. ఇన్నాళ్లూ ఈ ఫోను హాజరు మీ శాఖ ఆదేశంగా ఉండేది. ఆదేశాన్ని ఇంకో ఆదేశంతో మార్చవచ్చు. కొత్త చట్టంలో బయోమెట్రిక్ గుర్తింపు, కృత్రిమ మేధతో నిఘా చట్టంలోకే ఎక్కాయి. కూలీని అనుమానించడానికి ఇన్ని ఏర్పాట్లు చేశారు. యంత్రం తప్పు చేస్తే కూలీకి డబ్బు ఎవరు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

దయచేసి వినండి. యాప్ ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి. కానీ అది పని చేయని రోజున, మేటు, ఫీల్డ్ అసిస్టెంటు, ఇద్దరు కూలీలు సంతకం చేసిన కాగితపు మస్టరు చెల్లాలి. దానికి జిల్లా దాకా పోకుండా పంచాయతీలోనే ఆమోదం దొరకాలి. కొలతల పుస్తకంలో ఎక్కిన మట్టికి, దాన్ని తవ్విన ప్రతి మనిషికీ కూలి పడాలి. కొలత అయిపోయిన వెంటనే కూలీలను ఇంటికి పోనివ్వండి, రెండో ఫొటో కోసం ఎండలో నిలబెట్టకండి. ముఖం కలవనివాళ్లను గుర్తించే బాధ్యత గ్రామసభకు ఇవ్వండి. ఇప్పటికే పోయిన రోజుల కూలి సంగతి కూడా తేల్చండి. కొలతల పుస్తకాలు మండలాల్లో ఉన్నాయి, పాత మస్టర్లతో పోల్చి చూస్తే ఎవరి కూలి ఎంత పోయిందో బయటపడుతుంది. ఆ పెద్దమ్మకు రావలసినది ఆమెకు ఇప్పించండి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, మీ సంతకంతో ఒక ఆదేశం చాలు. వేసవి పనులు జోరందుకునేలోగా ఆ ఆదేశం మండలాలకు చేరేలా చూడండి. తెలుగులో పంపించండి, పని దగ్గర నేనే అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
రాయలసీమ నుంచి ఒక ఉపాధి హామీ మేటు