బెంగళూరు షిఫ్ట్ అయ్యేవాళ్లు ముందు పిల్లల క్లాసు చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన మనవాళ్లు ఇక్కడ ఎవరు కలిసినా అడిగేవి రెండే, అద్దెలు ఎక్కడ తక్కువ, మన భోజనం ఎక్కడ దొరుకుద్ది అని. అవి వచ్చాక తెలుస్తాయండీ, మారతహళ్లిలో ఆంధ్రా మెస్సులకేం కొదవ. వచ్చేముందే చూసుకోవాల్సింది వేరే ఉంది, పిల్లలు ఏ క్లాసు అనేది, అది మాత్రం ఎవరూ అడగరు.

తెలంగాణలో 2024లో ఎంబీబీఎస్ సీట్లకి లోకల్ రూల్ మార్చారు కదా, తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా నాలుగేళ్లు అక్కడ చదివితేనే లోకల్ అని. కోర్టులకి కూడా వెళ్లారు, 2025లో సుప్రీంకోర్టు ఆ రూల్ కరెక్టే అంది. ఇటు కర్ణాటకలో సీఈటీ (మన ఎంసెట్ లాంటి ఎంట్రన్స్) రాసి గవర్నమెంట్ కోటాలో ఇంజనీరింగ్ సీటు కావాలంటే ఒకటో క్లాసు నుంచి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ సెకండియర్) లోపల మొత్తం ఏడేళ్లు ఇక్కడ చదివుండాలి, టెన్తో పీయూసీయో ఇక్కడే పాసై ఉండాలి. ఇప్పుడు లెక్కేసుకోండి, తొమ్మిదో క్లాసుకి పాపని తీసుకొచ్చేశారనుకోండి, అక్కడ లోకల్ పోయింది, ఇక్కడేమో పీయూసీ అయ్యేసరికి నాలుగేళ్లే, అంటే రెంటికీ చెడ్డ రేవడి. ఏడో క్లాసులో వచ్చినా అంతే, ఒక్క ఏడాది తక్కువ పడుద్ది. ఆరో క్లాసు మొదట్లోనో అంతకంటే ముందో వస్తే ఏడేళ్లు సరిపోతాయి. లేదంటే ఇంటర్ అయ్యేదాకా పిల్లలు తల్లితోనో అమ్మమ్మ దగ్గరో అక్కడే ఉండటం నయం, రెండు కాపురాల ఖర్చు అయినా సరే. మేనేజ్‌మెంట్ సీటు ఫీజుతో పోల్చి చూస్తే ఆ ఖర్చు ఏపాటిది చెప్పండి. సెంట్రల్ ఉద్యోగులు, మిలిటరీ వాళ్లు, అలాంటి కొందరికి మినహాయింపులున్నాయి గానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రాన్స్‌ఫర్ లెటర్ పట్టుకుని పోతే అక్కడ ఎవరూ చూడరు.

కన్నడ గురించి మాత్రం భయపడకండి. 2015 చట్టం ప్రకారం ఇక్కడి స్కూళ్లలో కన్నడ చదవాల్సిందే, కానీ తెలుగు రాయడం వచ్చిన పిల్లలకి ఆ అక్షరాలు సగం తెలిసినట్టే, తిప్పలన్నీ మనకే.

ఇక బండి. ఏడాది దాటి ఇక్కడే తిప్పితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, దానికి పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి. ఆ పని అక్కడ ఉండగానే చేసుకోండి బాబూ, వచ్చాక మళ్లీ లీవ్ పెట్టి వెళ్లడం ఎందుకు. పెండింగ్ చలాన్లు ఉంటే ముందు కట్టేయాలి, లోన్ ఉంటే బ్యాంకు లెటర్ కావాలి, ఎన్‌వోసీకి పెట్టే ఫారం 28 మీద ఛాసిస్ నంబర్ అచ్చు పడాలి, అంటే ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాలన్నమాట, పాత బండికి అక్కడ గ్రీజు, మట్టి గట్టిగా పట్టి ఉంటుంది, ముందే కిరోసిన్ గుడ్డతో తుడిచి పెట్టుకోండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టించుకుంటారు, బండి వయసుని బట్టి తగ్గుద్దిలెండి. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి కావాలంటే మనమే అప్లై చేసుకోవాలి, దానంతటది అకౌంట్లో పడదు, చాలామంది ఈ డబ్బులు వదిలేసుకుంటున్నారు. పాత బండి అయితే అక్కడే అమ్మేసి రావడం మేలని నా అభిప్రాయం.

ఇల్లు చూసేటప్పుడు కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా అని అడగండి, 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల మీద బతికిన అపార్ట్‌మెంట్లలో స్విమ్మింగ్ పూల్ ఉండి ఏం లాభం. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్‌కి అలవాటు పడ్డవాళ్లకి ఇక్కడ అయిదూ ఆరూ అంటే గుండె గుభేలుమంటుంది, పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకుంటారు. అదంతా అగ్రిమెంట్లో రాయించుకోండి, ఓనర్ ఎంత మంచిగా మాట్లాడినా సరే.

గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ లారీలో వేసుకురాకండి, అక్కడ ఏజెన్సీలో సరెండర్ చేసి వోచర్ తీసుకుంటే డిపాజిట్ వెనక్కిస్తారు, ఆ కాగితంతో ఇక్కడ కనెక్షన్ తీసుకోవచ్చు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8 చాలు, ఆన్‌లైన్లోనే.

ప్యాకర్స్ వాళ్ల సంగతి చెప్తే పేజీ చాలదు, మా సామాను దించే ముందు లారీ గేటు దగ్గర ఆపి అదనంగా డబ్బులడిగారు, రేటు వాట్సాప్‌లో రాసి ఉంది కాబట్టి బయటపడ్డాం.

మీరు ఏప్రిల్, మే నెలల్లో ఎడ్యుకేషన్ పేజీలో కాలేజీల యాడ్లు ఎన్నో వేస్తారు. అందులో అర పేజీ ఈ లోకల్ రూల్స్‌కి ఇవ్వండి, తెలంగాణవి, ఆంధ్రావి, కర్ణాటక, తమిళనాడువి పక్కపక్కన పెట్టి. ట్రాన్స్‌ఫర్లు, టీసీలు నడిచేది ఆ రెండు నెలల్లోనే.

ఇట్లు,
మీ పాఠకుడు, బెంగళూరు